ఉరికే లాగ్‌కు ‘లెస్’ కళ్లెం

పేజర్ అంటే.. ఒకప్పుడు అమెరికాలో ఆన్‌కాల్ డ్యూటీలు చేసిన మనవాళ్లకు నడుముకు తగిలించుకునే బుల్లి పెట్టె గుర్తొస్తుంది. అర్ధరాత్రి అది కుయ్‌మందంటే నిద్ర గోవిందా! యూనిక్స్‌లో మరో పేజర్ ఉంది. ఇది నిద్ర లేపేది కాదు.. పని తెమిల్చి మళ్లీ పడుకోనిచ్చేది.

సర్వర్ పడిపోయిందనుకోండి. కమాండ్ కొట్టగానే వేల లైన్లు సర్రున పైకి పోతాయి. తెరపై మిగిలేది చివరి పాతిక లైన్లే. చిక్కేమిటంటే, అసలు కారణం చాలాసార్లు మొదటి ఎర్రర్‌లోనే ఉంటుంది. మిగతావన్నీ దాని పిల్లలే. కాల్‌లో క్లయింట్ ‘ఏమైంది?’ అని అడుగుతుంటే మౌస్‌తో పైకీ కిందికీ వెతుక్కోవడం ఎంత ఇబ్బంది!

ఈ తిప్పలు కొత్తవి కావు. 1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టినప్పుడు అవుట్‌పుట్ టెలిటైప్ కాగితంపై వచ్చేది. పాత లైను కావాలంటే కాగితం చూసుకుంటే సరి. గాజు తెరలు వచ్చాక పైకెళ్లిన లైను ఇక పోయినట్టే. అందుకే 1978లో బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకుంటున్న డేనియల్ హాల్బర్ట్ ‘మోర్’ రాశారు. తెర నిండగానే అది ఆగుతుంది.. స్పేస్ బార్ నొక్కితే ముందుకెళ్తుంది. కానీ అప్పట్లో వెనక్కి వచ్చేది కాదు. ఆ లోటు తీర్చాలని మార్క్ నూడెల్‌మన్ 1983లో మొదలుపెట్టి, 1985లో అందరికీ ఇచ్చిందే ‘లెస్’. మోర్‌కు వెనక నడక నేర్పింది కాబట్టి సరదాగా ఆ పేరు!

ఒక్కసారి సర్దుకుంటే..

మీ షెల్ బాష్ అయితే హోమ్ డైరెక్టరీలోని డాట్ బాష్ ఆర్‌సీ ఫైల్‌లో, జెడ్ షెల్ అయితే దాని ఆర్‌సీ ఫైల్‌లో రెండు వేరియబుల్స్ ఎక్స్‌పోర్ట్ చేయండి. క్యాపిటల్ అక్షరాల్లో ‘పేజర్’కు లెస్ అని, ‘లెస్’కు మైనస్ ఎఫ్, ఆర్, ఎక్స్ అని ఇవ్వండి. ఎఫ్ ఉంటే అవుట్‌పుట్ ఒక్క తెరలో ఇమిడినప్పుడు లెస్ ఆగకుండా తప్పుకుంటుంది. ఆర్ రంగులు చెడకుండా చూస్తుంది. ఎక్స్ వల్ల బయటికొచ్చాకా చూసిన లైన్లు తెరపైనే ఉంటాయి.

‘పేజర్’ మాట వినేవి మాన్, గిట్ లాంటి కొన్ని ప్రోగ్రాములే. మిగతావాటికి చివర పైప్ గుర్తు పెట్టి లెస్ అని కొట్టాల్సిందే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పైపులోంచి మామూలు అవుట్‌పుట్టే వెళ్తుంది.. ఎర్రర్ల దారి వేరు. రెండూ కలవాలంటే పైప్‌కు ముందు 2>&1 చేర్చాలి. ఇదంతా ఒక చిన్న షెల్ ఫంక్షన్‌గా రాసుకుంటే కమాండ్ ముందు దాని పేరు చేరిస్తే చాలు.

లోపలికెళ్లాక స్లాష్ కొట్టి వెతకండి. చిన్న ‘జీ’ మొదటికి, పెద్ద ‘జీ’ చివరికి, ‘బీ’ వెనక్కి తీసుకెళ్తాయి. పెద్ద ‘ఎఫ్’ కొడితే లాగ్‌లో కొత్తగా పడే లైన్లు కనిపిస్తూనే ఉంటాయి. కంట్రోల్ సీతో ఆపి, ‘క్యూ’తో బయటికి రావచ్చు.

ఒక్క జాగ్రత్త. పదిమంది వాడే ప్రొడక్షన్ అకౌంట్‌లో ఈ మార్పులు చేయొద్దు.. మీ సొంత లాగిన్‌లోనే చేసుకోండి. లెస్‌లో పొరపాటున ‘వీ’ నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

లంచ్ టైమ్‌లో ఐదు నిమిషాల పని ఇది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమెందుకు.. ఈరోజే సర్దేసుకోండి!