తప్‌గోల్ పార్క్: కొరియా స్వాతంత్ర్య నినాదం వినిపించిన చోటు

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున, పెద్ద పెద్ద భవనాల మధ్య ఉంది తప్‌గోల్ పార్క్. చూడ్డానికి చిన్నదే. కానీ కొరియా స్వాతంత్ర్య పోరాటం జనంలోకి వచ్చింది ఇక్కడి నుంచే.

1910లో జపాన్ కొరియాను తనలో కలిపేసుకుంది. 1919లో 33 మంది నాయకులు స్వాతంత్ర్య ప్రకటనపై సంతకాలు చేశారు. వారిలో క్రైస్తవులు, బౌద్ధులు, స్థానిక చొందోగ్యో మతస్తులు ఉన్నారు. మతాలు వేరైనా మాట ఒక్కటే.

మార్చి 1న ప్రకటనను ఈ పార్కులో చదవాలనుకున్నారు. గొడవలు జరుగుతాయేమోనని నాయకులు దగ్గర్లోని ఓ హోటల్లోనే సమావేశమయ్యారు. పార్కులో విద్యార్థులు ఎదురుచూశారు. చివరికి చంగ్ జే యోంగ్ ముందుకొచ్చి, మండపం దగ్గర ప్రకటన చదివేశాడు. అంతే! జనం 'మాన్‌సే' అంటూ రోడ్ల మీదికి వచ్చారు. ఉద్యమం దేశమంతా పాకింది. అణచివేతలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నెలన్నరకే మన అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి.

ఆ ఎనిమిది పలకల మండపం ఇప్పటికీ ఉంది. దేశంలో ఎక్కడెక్కడ ఉద్యమం జరిగిందో చెప్పే శిల్ప ఫలకాలూ ఉన్నాయి. 1467 నాటి పదంతస్తుల పాలరాతి గోపురం వాన, పక్షుల రెట్టల వల్ల పాడవకుండా చుట్టూ అద్దాల గది కట్టారు.

జోంగ్నో 3-గా మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. టికెట్ లేదు. పిల్లలతో వెళ్తే ఒక మాట చెప్పండి: కొరియాకు విముక్తి దొరికింది 1945 ఆగస్టు 15న. సరిగ్గా రెండేళ్లకు, అదే తేదీన, మనకూ స్వాతంత్ర్యం వచ్చింది.