టీచింగ్ పోర్ట్‌ఫోలియో అంటే సర్టిఫికెట్ల ఫైల్ కాదు

ఎంటెక్ అయిపోయి ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్లు మన వ్యూయర్స్‌లో చాలామందే ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్లకోసం.

అప్రైజల్ టైమ్‌లో "మీ టీచింగ్ పోర్ట్‌ఫోలియో పెట్టండి" అంటారు. వెంటనే ఎఫ్‌డీపీ సర్టిఫికెట్లు, వర్క్‌షాప్ ఫొటోలు, ఎన్‌పీటీఈఎల్ స్కోర్లు అన్నీ స్కాన్ చేసి ఎనభై పేజీల పీడీఎఫ్ చేసేస్తారు. మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో అందులో ఉంటుంది. మీ క్లాసులో పిల్లలు ఏం నేర్చుకున్నారో మాత్రం ఎక్కడా ఉండదు.

అదెందుకు ముఖ్యమో చెప్తా. ఏఐసీటీఈ 2019 రెగ్యులేషన్స్‌లో 360 డిగ్రీ ఫీడ్‌బ్యాక్ అని 100 పాయింట్ల లెక్క ఉంది. టీచింగ్ ప్రాసెస్‌కి 25, స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్‌కి 25. సగం క్లాస్‌రూమే, బాగానే ఉంది కదా? తిరకాసు ఇక్కడే. ఆ మొదటి 25 లెక్కేసేది, షెడ్యూల్ చేసిన క్లాసుల్లో మీరు ఎన్ని తీసుకున్నారు అనేదాన్ని బట్టి. ఎలా చెప్పారన్నది అందులో రాదు. ఇక ఫీడ్‌బ్యాక్ అంటారా, లింక్ వాట్సాప్‌లో రాగానే బస్సులో కూర్చుని అన్నిటికీ ఒకే నంబర్ కొట్టేసే బ్యాచ్ ప్రతి కాలేజీలో ఉంటుంది. ఇలాంటి నంబర్ల మీద మీ ఇంక్రిమెంట్, ప్రమోషన్ ఆధారపడినప్పుడు, మీ పాఠం గురించి మీ తరఫున మాట్లాడేది పోర్ట్‌ఫోలియో ఒక్కటే.

కోర్స్ ఫైల్‌తో కలిపేయకండి. సిలబస్, లెసన్ ప్లాన్, సీఓ-పీఓ మ్యాపింగ్, క్వశ్చన్ పేపర్లు... ఎన్‌బీఏ టీమ్ వచ్చినప్పుడు చూపించే ఫైల్ అది. సబ్జెక్ట్ ఒకటైతే ఎవరి ఫైల్ అయినా దాదాపు ఒకేలా ఉంటుంది. పోర్ట్‌ఫోలియోలో మీ నిర్ణయాలు కనపడాలి.

ఒక ఎగ్జాంపుల్. డేటా స్ట్రక్చర్స్, రికర్షన్ టాపిక్ అనుకుందాం. మిడ్-1లో 60 మందిలో 38 మంది బేస్ కేస్ రాయలేదు. మీరు స్లైడ్లు పక్కన పెట్టి, బోర్డు మీద స్టాక్‌లో ఒక్కో కాల్ ఎలా పేరుకుంటుందో గీశారు, తర్వాత పిల్లలతోనే పేపర్ మీద ట్రేస్ చేయించారు. మళ్లీ అలాంటి ప్రశ్నే ఇస్తే, రాయనివాళ్లు 14 మంది. అప్పుడు పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి? మిడ్ ప్రశ్న, బాగా రాసిన, మామూలుగా రాసిన, తప్పు రాసిన ఆన్సర్లు ఒక్కోటి, మార్చిన లెసన్ ప్లాన్, తర్వాతి ఆన్సర్లు. పైన ఒక పేజీలో మీరేం గమనించారు, ఏం మార్చారు, ఎందుకు అన్నది. సెకండ్ టైమ్ ప్రాక్టీస్ వల్ల కూడా కొంత మెరుగవుతారు, క్రెడిట్ అంతా మీ ఖాతాలో వేసుకోకండి. ఆ 14 మంది సంగతేంటని కమిటీ అడిగేలోపే మీరే రాసేయండి. నా లెక్కలో ఇలాంటివి రెండు ఉంటే చాలు, ఆ ఎనభై పేజీల కంటే బరువుంటుంది.

టీచింగ్ ఫిలాసఫీ అని ఒకటి అడుగుతారు. అర పేజీ చాలు. చాట్‌జీపీటీతో "నాకు బోధన అంటే ప్రాణం" అని రాయిస్తే పక్క క్యాబిన్ వాళ్ల దాంట్లోనూ అదే వస్తుంది. పైన చూపించిన ఉదాహరణకి కలిసేలా మీ మాటల్లో రాయండి.

ఆన్సర్ షీట్ల మీద పేరు, హాల్ టికెట్ నంబర్ కచ్చితంగా కొట్టేయండి. పేపర్లు దిద్దిన రోజే ఫోన్‌తో స్కాన్ చేసి సెమిస్టర్ పేరుతో ఫోల్డర్‌లో పడేయండి, మార్చిలో వెతికితే దొరకవు. ఇంకోటి, అన్నీ కాలేజీ మెయిల్ డ్రైవ్‌లోనే ఉంచితే, ఉద్యోగం మారిన రోజు ఆ అకౌంట్‌తో పాటే పోతాయి. పిల్లల వివరాలు తీసేసిన కాపీ ఒకటి మీ సొంత డ్రైవ్‌లో ఉంచుకోండి.