చూపులేని చిన్నారులకు చదువుల ఆసరా

గోదావరిఖని: చూపు లేని బిడ్డ పుట్టిన ఇంట ముందుగా కుంగిపోయేది తల్లిదండ్రులే. చదువు మాట ఆ తరువాతే తలపునకు వస్తుంది. ఇటువంటి కుటుంబాలకు అండగా హైదరాబాద్‌లో కంటి వైద్యుడు డాక్టర్ సాయిబాబాగౌడ్, సతీమణి జ్యోతిగౌడ్‌తో కలిసి దేవ్‌నార్ అంధుల ఫౌండేషన్‌ను నడిపిస్తూ వచ్చారు. బేగంపేటలోని వీరి పాఠశాలలో ఆంగ్ల మాధ్యమ బోధనతో పాటు వసతి కల్పించారు. బ్రెయిలీ పుస్తకాలు, తెరపై అక్షరాలను చదివి వినిపించే కంప్యూటర్లు ఇక్కడి చదువుకు ఆధారం.

కోల్‌బెల్ట్ నుంచి రాజధాని రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. అంత దూరం పసివాడిని పంపేందుకు తల్లి మనసు ఒప్పుకోదు. అందులో తప్పు పట్టవలసిందీ లేదు. అయితే ఆరు చుక్కల బ్రెయిలీ లిపి లేత వేళ్లకే త్వరగా పట్టుబడుతుంది. ఏడాది వాయిదా పడితే ఆ మేరకు చదువు వెనుకబడుతుంది. దూరం పంపలేని వారికి చట్టం మరో దారి చూపింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపై వైకల్యం గల 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు సమీప పాఠశాలలో గానీ, ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవచ్చు. ఇందుకు వైకల్య ధ్రువపత్రం ముందుగా తీసుకోవాలి.

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష చేయించాలని వైద్యులు సూచిస్తున్నారు. సకాలంలో గుర్తిస్తే లేజర్ చికిత్సతో చాలామందికి చూపు దక్కుతుంది.