వెతికి పట్టుకున్న వారసత్వం: అమెరికాలో ఫిలిపినోలు

అమెరికాలో ఫిలిపినో మూలాలున్నవారు 40 లక్షలకు పైనే. ఆసియా నుంచి వెళ్లి స్థిరపడినవారిలో చైనీయులు, భారతీయుల తర్వాత స్థానం వారిదే. అయినా అక్కడి సమాజం వారిని చాలాకాలం విడిగా గుర్తించలేదు. ఇంటిపేర్లు చూస్తే స్పానిష్‌వి, మతం ఎక్కువ మందికి కేథలిక్, మాట్లాడేది మంచి ఇంగ్లిష్. కొందరు వారిని మెక్సికన్లనుకునేవారు. ఇంట్లోనూ పిల్లలకు తమ వెనకటి కథ చెప్పిన పెద్దలు తక్కువే. నేడు ఏటా అక్టోబరులో ఇంత సందడిగా కనిపించే ఫిలిపినో అభిమానం తల్లిదండ్రులు చేతికందించింది కాదు. చాలావరకు పిల్లలు, మనవలు పట్టుబట్టి వెతుక్కున్నది.

పెద్దలు నోరు విప్పకపోవడానికి కారణాలున్నాయి. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఫిలిప్పీన్స్‌ను 1898 పారిస్ ఒప్పందంలో 2 కోట్ల డాలర్లిచ్చి అమెరికా తీసుకుంది. స్వాతంత్ర్యం కోరిన ఫిలిపినోలపై మరుసటి ఏడే యుద్ధానికి దిగింది. 1901లో ఓడల్లో వచ్చిన అమెరికన్ టీచర్లు బడుల్లో ఇంగ్లిష్ చదువు మొదలుపెట్టారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలోనైతే వెయ్యి మందికి పైగా ఫిలిపినోలను తెచ్చి, వారి కోసం పల్లెల నమూనాలు కట్టి, జనం టికెట్టు కొని చూసే వింతగా నిలబెట్టారు. తమది తక్కువ, తెల్లవాళ్లది ఎక్కువ అనే భావం ఇలా తరాల పాటు నాటుకుపోయింది. ఒంటిరంగు తేలిక చేస్తామనే సబ్బులకు ఫిలిప్పీన్స్‌లో ఉన్న గిరాకీ ఆ భావానికి ఇప్పటికీ మిగిలిన గుర్తు. ఈ విషయంలో వారిని వేలెత్తి చూపే అర్హత మనకైతే లేదు.

1906 డిసెంబరులో 15 మంది కూలీలు హవాయి చెరకు తోటలకు చేరారు. వీరిని సకాడాలు అంటారు. ఆ తర్వాత వేలమంది యువకులు హవాయికి, కాలిఫోర్నియాకు, అలాస్కా చేపల కర్మాగారాలకు వెళ్లారు. అమెరికా పాలనలోని దేశం వారు కాబట్టి రావడానికి అడ్డు లేదు, కానీ పౌరసత్వం మాత్రం ఇవ్వలేదు. ఆస్పరాగస్ కోతలకు పేరున్న స్టాక్టన్ పట్టణంలో ‘లిటిల్ మనీలా’ అనే పేట వెలసింది. పక్క వీధుల్లోని హోటళ్ల గుమ్మాల మీద ఫిలిపినోలకు ప్రవేశం లేదన్న బోర్డులుండేవి. 1930 జనవరిలో వాట్సన్‌విల్‌లో అల్లరిమూకలు రోజుల తరబడి వారిని వెంటాడి కొట్టాయి. ఫెర్మిన్ టోబెరా అనే యువకూలీ తుపాకి కాల్పుల్లో చనిపోయాడు. 1933లో కాలిఫోర్నియా రాష్ట్రం తెల్లవారితో వారి పెళ్లిళ్లను నిషేధించింది. మరుసటి ఏడు వచ్చిన చట్టం వలసను ఏటా 50 మందికి కుదించింది. వచ్చినవారిలో స్త్రీలు ఎటూ చాలా తక్కువ. పెళ్లి లేకుండా, కూలి పని చేసుకుంటూనే ముసలివారైపోయిన ఆ తరాన్ని ఫిలిపినో సమాజం ‘మనోంగ్‌లు’ అని పిలుచుకుంటుంది. ఇలోకానో భాషలో అది అన్నగారిని పిలిచే మాట.

ఆ ముసలివారు చేసిన పనే నేటి గర్వానికి అసలు ఆధారం. 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానోలో ఫిలిపినో కూలీలు ద్రాక్ష కోత ఆపేశారు. కోచెల్లా లోయలో తాము సాధించుకున్న గంటకు 1.40 డాలర్ల కూలి డెలానోలోనూ ఇవ్వాలన్నది వారి డిమాండు. వారి సంఘం తరఫున ముందు నిలిచినవాడు లారీ ఇట్లియాంగ్. పనిలో జరిగిన ప్రమాదంలో మూడు వేళ్లు పోవడంతో ‘సెవెన్ ఫింగర్స్’ అనే పేరు పడింది. ఫిలిపినోలు సమ్మె చేస్తే యజమానులు మెక్సికన్లను దింపుతారు, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలను దింపుతారు. ఆ ఎత్తు తెలిసిన ఇట్లియాంగ్ మెక్సికన్ కూలీల సంఘం నాయకుడు సీజర్ చావెజ్ దగ్గరికి వెళ్లి కలిసి రమ్మన్నాడు. ఎనిమిది రోజులకే చావెజ్ సంఘం సమ్మెలో చేరింది. తర్వాత రెండు సంఘాలూ ఒకటై, దేశమంతటా ద్రాక్షను బహిష్కరించమని పిలుపునిచ్చి, 1970లో తోటల యజమానుల చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించాయి. పేరు మాత్రం చావెజ్‌కే దక్కింది. పాఠ్యపుస్తకాల్లో మనోంగ్‌లు మరుగున పడ్డారు. పక్కన పెట్టేశారన్న బాధతో ఇట్లియాంగ్ 1971లో సంఘాన్ని వదిలేశాడు.

1965లోనే వచ్చిన కొత్త వలస చట్టంతో వేరే రకం ఫిలిపినోలు రావడం మొదలైంది. నర్సులు, డాక్టర్లు, అకౌంటెంట్లు. అమెరికా తన పాలనలో నెలకొల్పిన నర్సింగ్ చదువు అమెరికా ఆసుపత్రులకే మనుషులను తయారు చేసి పెట్టింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ నర్సులు ఎంత ముందు వరుసలో ఉన్నారో లోకం చూసింది. దేశంలోని నర్సుల్లో వారు దాదాపు 4 శాతమే అయినా, ఆ ఏడు సెప్టెంబరు నాటికి చనిపోయిన నర్సుల్లో మూడో వంతుకు దగ్గరగా వారే ఉన్నారని అక్కడి నర్సుల సంఘం లెక్క తేల్చింది. ఈ తరం తన పిల్లలను బాగా చదివించింది. యాస రాకూడదని ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే పెంచింది. అన్నం, కూర, చర్చి, పెద్దల చేతిని నుదుటికి ఆనించుకునే మర్యాద మిగిలాయి. భాష, చరిత్ర జారిపోయాయి.

జారిపోయినవాటిని ఏరుకునే పని విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో మైనారిటీల చరిత్రలను కూడా పాఠాలుగా చెప్పాలని జరిగిన సమ్మెలో ఫిలిపినో విద్యార్థులూ ఉన్నారు. 1977 ఆగస్టులో అదే నగరంలోని ఇంటర్నేషనల్ హోటల్ నుంచి ముసలి మనోంగ్‌లను గెంటివేయకుండా అడ్డుకోవడానికి వేలమంది చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. గెంటివేత ఆగలేదు. 1982లో డొరతీ కొర్డోవా, ఫ్రెడ్ కొర్డోవా దంపతులు సియాటిల్‌లో ఫిలిపినో అమెరికన్ చరిత్ర సంఘాన్ని స్థాపించి పాత ఫొటోలు, ఉత్తరాలు, ముసలివారి మాటలు సేకరించారు. ఏటా జరుపుకునే ఫిలిపినో అమెరికన్ చరిత్ర మాసంగా వారు అక్టోబరును ఎంచుకున్నది 1587 అక్టోబరు 18ని బట్టి. స్పానిష్ ఓడలో వచ్చిన లూజాన్ దీవివాసులు కాలిఫోర్నియాలోని మొర్రో బేలో దిగింది ఆ రోజునే.

కాలేజీల్లో ఫిలిపినో విద్యార్థులు ఏటా జరిపే సాంస్కృతిక రాత్రిలో తప్పక ఉండేది టినిక్లింగ్ నాట్యం. ఇద్దరు నేల మీద కూర్చుని రెండు పొడవాటి వెదురుబొంగులను నేలకు తట్టి, ఒకదానికొకటి కొడుతుంటారు. నాట్యం చేసేవారు ఆ దెబ్బల మధ్య అడుగులు వేస్తారు. దరువు తప్పితే చీలమండ నలుగుతుంది. ఒక పాటకు వేసుకునే దుస్తులు ఒక ప్రాంతానివి, ఇంకో పాటకు ముస్లిం దక్షిణ దీవులవి. పుట్టినూళ్లలో ఎప్పుడూ ఒకచోట చేరని సంప్రదాయాలు అమెరికా వేదిక మీద కలిశాయి. ఇది ప్రదర్శనే గానీ చరిత్ర కాదన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఎంతోమంది పిల్లలకు అమ్మమ్మ ఊరి గురించి అడిగే మొదటి ప్రశ్న ఆ రిహార్సల్లోనే పుడుతుంది.

వంటలది ఇంకా సులువైన దారి. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లితో ఉడికే అడోబో, చింతపండు పులుపుతో మన పులుసుకు దగ్గరి చుట్టంలా ఉండే సినిగాంగ్ ఇప్పుడు బయటివారికీ ఇష్టమే. పుట్టినింటితో బంధానికి అసలు సాక్ష్యం మాత్రం బాలిక్‌బయాన్ పెట్టె. నెలల తరబడి ఇంటి మూలన నిండే పెద్ద అట్టపెట్టె అది. తగ్గింపు ధరకు కొన్న సబ్బులు, డబ్బా మాంసం, చాక్లెట్లు, తువ్వాళ్లు, సందుల్లో కూరిన బూట్లు. టేపు చుట్టి, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు రాసి ఓడకెక్కిస్తే వారాలకు ఫిలిప్పీన్స్‌లోని బంధువులకు చేరుతుంది. ఆ బంధం నిలిచేలా ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కూడా 2003 చట్టంతో, వేరే పౌరసత్వం తీసుకున్నవారికి తమ పౌరసత్వాన్ని తిరిగి పొందే వీలు కల్పించింది.

గుర్తింపులు ఆలస్యంగానే వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జెండా కింద పోరాడి, 1946 చట్టంతో సౌకర్యాలు పోగొట్టుకున్న ఫిలిపినో సైనికులకు 2009లో గానీ పరిహారం అందలేదు. 2013లో కాలిఫోర్నియా రాష్ట్రం, వ్యవసాయ కూలీల ఉద్యమంలో ఫిలిపినోల పాత్రను బడుల్లో బోధించాలని చట్టం చేసింది. రెండేళ్లకు ఇట్లియాంగ్ పుట్టినరోజు అక్టోబరు 25కు రాష్ట్ర గుర్తింపు ఇచ్చింది. జారిపోయిన భాషకూ ఒక దారి దొరికింది. సకాడాల్లో చాలామంది ఇలోకానో మాట్లాడేవారు. ఆ భాషలో డిగ్రీ చదవాలనుకునే మనవలకు హవాయి విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆ కోర్సు నడుపుతోంది.