ఉపవాసముండి ఆడే బిడ్డ ఒంట్లో ఏం జరుగుతుంది?

వాన కరవైన అనంతపురం పీఠభూమిలో ఆటకు కరవు లేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఇక్కడ ఒక క్రీడాగ్రామాన్నే నిర్మించింది. 2010లో రఫాయెల్ నాదల్ పేరిట టెన్నిస్ పాఠశాల కూడా వెలిసింది. అయితే రమజాన్ రాగానే మన ఇళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: రోజా ఉన్న బిడ్డను మైదానానికి పంపవచ్చునా?

తల్లులు ఆకలికి జడుస్తారు. మేము జడిసేది ఎండకు.

శరీరం వ్యయించే శక్తిని అది వాడుకునే ప్రాణవాయువును బట్టి లెక్కగడతారు. లీటరు ప్రాణవాయువుకు సుమారు 5 కిలో కేలరీల శక్తి వెలువడుతుంది. 50 కిలోల యువకుడు ఊరక కూర్చుంటే నిమిషానికి దాదాపు 175 మిల్లీలీటర్లు చాలు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే దానికి సుమారు పది రెట్లు కావాలి. నడుమ నడుమ ఆగుతూ ఒక గంట ఫుట్‌బాల్ ఆడితే సుమారు 350 కిలో కేలరీలు ఖర్చవుతాయి. సహరీ భుజించిన ఆరోగ్యవంతుడికి కండరాలలోని పిండిపదార్థం, ఒంటి కొవ్వు ఆ ఖర్చును భరించగలవు.

చిక్కు మరొకచోట ఉంది. ఆ శక్తిలో నాలుగింట ఒక వంతు మాత్రమే కదలికకు వినియోగపడుతుంది, మిగిలినదంతా వేడి. కండరాలలో పుట్టే వేడిని పరిశోధించిన ఏ.వి.హిల్‌కు 1922 నోబెల్ బహుమతి లభించింది. ఆ వేడిని చెమటతోనే వదిలించుకోవాలంటే గంటకు దాదాపు అర లీటరు నీరు ఆవిరి కావాలి. అనంతపురం పొడిగాలిలో చెమట పుట్టిన క్షణమే ఆరిపోతుంది గనుక, ఒళ్ళు తడవలేదు కదా అని పెద్దలు మోసపోతారు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది. అంతే ప్రాణవాయువును అందించడానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది.

2019లో రమజాన్ చాలావరకు మే నెలలోనే గడిచింది. అటువంటి ఏడాది జుహర్ తరువాతి ఎండలో పరుగు వద్దే వద్దు. మగ్రిబ్‌కు ముందరి గంటలో తేలికపాటి ఆట ఆడించవచ్చు. దాహం తీరే వేళ దగ్గరలోనే ఉంటుంది. కఠిన సాధన ఇఫ్తార్ తరువాతనే. తలనొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆట ఆపి, నీడకు చేర్చి, ఒంటికి తడిగుడ్డ వేయాలి. మాట తడబడితే, స్పృహ తప్పుతుంటే వైద్యుని వద్దకు పరుగెత్తాలి. ప్రాణాపాయంలో ఉపవాసం విరమించే అనుమతి షరీఅత్‌లో ఉంది. ఆ రోజాను తరువాత పూర్తి చేసుకోవచ్చు.

అన్నట్టు, ఆటగాడి గురించి ఇంత లెక్కవేసే మనం, రోజాతోనే వేరుశనగ చేలలో రోజంతా కాయ పీకే తల్లి శ్రమను లెక్కవేశామా? ఆమె కండరాలలో పుట్టే వేడీ ఇదే. ఇఫ్తార్ వేళ నీళ్ళ చెంబు, ఉప్పు వేసిన గంజి ముందుగా ఆమెకూ అందాలి.