నందికొండ కాలిబాట

బస్సులో పోయేవారికి కొండ కిటికీలో కాసేపు కనిపించి మాయమవుతుంది. నడిచి ఎక్కేవారికి అదే కొండ అడుగడుగునా ఒక కొత్త విషయం చెబుతుంది. ఏ రాతిమీద నాచు పట్టిందో, ఏ కొమ్మమీద ఏ పక్షి కూసిందో, వాననీరు ఏ వైపుకు జారిపోయిందో నడిచేవారికే తెలుస్తుంది. కొండల్లో, అడవుల్లో కాలిబాట వెంట నడవడం వ్యాయామం, విజ్ఞానం, వినోదం మూడూ కలిసిన పని. దీనికి ఖర్చు తక్కువ, కావలసింది ముందుచూపు.

ఇటువంటి నడకకు పేరుపొందిన చోటు నందికొండ. ఇది కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాలో, బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. సముద్రమట్టానికి దీని ఎత్తు 1,478 మీటర్లు. చుట్టుపక్కల చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. కొండమీదికి తారురోడ్డు ఉన్నది. సుల్తాన్‌పేట వైపు నుంచి వెయ్యికి పైగా మెట్లున్న పాతదారి కూడా ఉన్నది.

ఈ దారి పక్కన చరిత్ర అడుగడుగునా కనిపిస్తుంది. కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం ఉంది. దాని చరిత్ర తొమ్మిదవ శతాబ్దం దాకా పోతుంది. కొండమీద యోగనందీశ్వరాలయం ఉంది. హైదరాలీ, టిప్పు సుల్తాను ఇక్కడి కోటను బలపరిచారు. ఎక్కడానికి ఎంతో కష్టమైన ఈ దుర్గాన్ని 1791లో ఇంగ్లీషు సైన్యం పట్టుకున్నది. గాంధీజీ 1927లోనూ, 1936లోనూ ఆరోగ్యం కోసం ఇక్కడ బస చేశారు.

కొండమీద చల్లగా ఎందుకుంటుంది? నేలనుంచి పైకి పోయేకొద్దీ గాలి పలుచబడి చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అందువల్లనే తెల్లవారుజామున శిఖరాన్ని పొగమంచు కమ్ముతుంది. ఆ తేమను తాగి పైభాగంలో చెట్లు దట్టంగా, పచ్చగా పెరుగుతాయి. ఎంతో దూరాన ఉన్న పడమటి కనుమల్లో కనిపించే నీలగిరి అడవిపావురం ఈ చెట్లమీద కూడా నివసిస్తున్నది. చుట్టూ ఎండిన మైదానం, నడుమ పచ్చని శిఖరం: అది ఆ పక్షికి ఒక చిన్న దీవి వంటిది.

నందికొండల వరుసకు మరొక గొప్పతనం ఉన్నది. ఇది నదుల పుట్టినిల్లు. ఇక్కడికి దగ్గరలోని చెన్నకేశవ కొండ వద్ద పెన్న పుడుతుంది. అది హిందూపురం దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, అనంతపురం, కడప, నెల్లూరు సీమలను తడుపుతూ 597 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని కూడా ఈ ప్రాంతంలోనే పుట్టి, తమిళనాడులోకి ప్రవేశించి హోసూరు, కృష్ణగిరి మీదుగా పోతుంది. అర్కావతి కావేరిలో కలుస్తుంది. అంటే ఈ కొండల్లో ఒక వాలున పడిన చినుకు నెల్లూరు వరిచేనుకు దారి పడితే, మరొక వాలున పడిన చినుకు కావేరి దారి పడుతుంది. పటంలో గీతలుగా చూసిన నదుల కథ కొండ ఎక్కి నాలుగు వైపులా చూసినప్పుడు కళ్ళకు కడుతుంది.

ఇక నడకకు సిద్ధం కావడమెలా? ముందుగా దారి తెరిచి ఉన్నదో లేదో, వేళలేమిటో విచారించాలి. పిల్లలు పెద్దలతో కలిసే వెళ్ళాలి. కాళ్ళకు పట్టుగల బూట్లు, తలకు టోపీ, ఒంటికి నూలుబట్టలు మంచివి. ఒక్కొక్కరు కనీసం లీటరు నీరు తీసుకోవాలి. అటుకులు, వేరుశనగ ఉండలు, అరటిపండ్లు తేలికైన ఆహారం. చెమటపట్టిన ఒంటికి శిఖరంమీది చల్లగాలి తగిలితే వణుకు పుడుతుంది. కనుక ఒక పొడి తువ్వాలు, పైన వేసుకోవడానికి ఒక స్వెట్టరు ఉండాలి. ఎండ ముదరకముందే బయలుదేరడం మేలు.

ఎక్కేటప్పుడు పరుగు పనికిరాదు. పక్కవారితో మాట్లాడగలిగితే నడక వేగం సరిగా ఉన్నట్లే. మాట తడబడి ఆయాసం వస్తే ఆగాలి. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచేవారిని ముందుంచితే ఎవరూ వెనుకబడరు. దిగేటప్పుడు మోకాళ్ళమీద భారం పడుతుంది. చిన్న అడుగులు వేస్తూ దిగాలి. వానకు తడిసిన రాతిమీద కాలు జారుతుంది. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టరాదు. పాములు, తేళ్ళు ఉండవచ్చు. ఉరుము వినిపిస్తే శిఖరంమీద నిలబడక వెంటనే కిందికి దిగాలి. కోతులకు తిండి పెట్టరాదు. అలవాటుపడిన కోతి రేపు మరొకరి చేతిసంచిని లాక్కుంటుంది.

ఒకరు పారవేసిన ప్లాస్టిక్ కవరు వానకు కొట్టుకుపోయి వాగులోకి, వాగునుంచి చెరువులోకి చేరుతుంది. వానలు తక్కువై, బోరుబావులు ఎక్కువై, పెన్న పుట్టినచోట ఏడాదిలో చాలాకాలం నీరు పారడం లేదు. అటువంటప్పుడు కొండమీది ప్రతి ఊట, ప్రతి చెట్టు విలువైనవే. కనుక తీసుకువెళ్ళిన కవర్లు, సీసాలు తిరిగి ఇంటికి తేవాలి. రాళ్ళమీద పేర్లు చెక్కరాదు. బాట విడిచి మొక్కలను తొక్కరాదు.

నందికొండ వంటి పెద్ద కొండ అందరికీ దగ్గరలో ఉండకపోవచ్చు. కాని ఊరి వెనుక గుట్టో, చెరువుగట్టో, వాగు ఒడ్డో ఉండకపోదు. అక్కడి నీరు ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అని చూస్తూ నడిస్తే అదీ ఒక మంచి యాత్రే.