చిలకసరస్సు చెప్పిన పాఠం

బరంపురం నుంచి కటకం వెళ్లే రైలెక్కిన మన పాఠకులకు చిలకసరస్సును పరిచయం చేయనక్కరలేదు. రంభ దాటింది మొదలు కుడిచేతి కిటికీలోంచి ఆ నీరు కనిపిస్తూ, దాగుతూ మనతోపాటే వస్తుంది. చూచి ఆనందించాము గాని, ఆ నీటికి ఒకప్పుడు జబ్బు చేసిందని మనలో ఎందరికి తెలుసు?

చిలక అచ్చంగా ఉప్పునీరు కాదు, అచ్చంగా మంచినీరూ కాదు. మహానది పాయలైన దయా, భార్గవీ మంచినీటిని తెస్తాయి. సముద్రం తన మొగ ద్వారా ఉప్పునీటిని పంపుతుంది. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ ఆ మొగ గుండానే లోపలికి వచ్చి పెరుగుతాయి. ఈ రెండు నీళ్ల పొత్తు మీదనే సరస్సు బ్రతుకు ఆధారపడి వున్నది.

నదులు మోసుకొచ్చిన ఒండ్రు, కడలి తోసిన ఇసుక కలిసి ఆ మొగను పూడ్చివేశాయి. ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేప తరిగింది. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన చిలకను 1993లో ఆపదలో వున్నవాటి పట్టికలో చేర్చవలసివచ్చింది.

దీనికి మందు ఏ ఒక్క శాస్త్రం దగ్గరా లేదు. ఇసుక కదలిక ఇంజనీరుకు తెలుసు. రొయ్య రాకపోకలు మత్స్యశాస్త్రజ్ఞునికి తెలుసు. కలుపు సంగతి వృక్షశాస్త్రజ్ఞునిది, ఎగువ కొండల మట్టి సంగతి వ్యవసాయ నిపుణునిది. ప్రాణులకూ పరిసరాలకూ గల సంబంధాన్ని విచారించే జీవావరణశాస్త్రం ఈనాడు వీరందరినీ ఒకే పందిరి క్రిందికి పిలుస్తున్నది. పూనాలోని కేంద్ర జల పరిశోధనాలయం వారు నీటి నడకను లెక్కగట్టి చూచిన మీదట, 2000 సెప్టెంబరు 23న కొత్త మొగ తెరిచారు. అంతకు ముందు ఏడాదికి 2,000 టన్నులైనా దొరకని చేప, రొయ్య, పీత రెండేళ్లు తిరగకుండా 10,000 టన్నులు దాటాయి. 2002లో ఆపద పట్టిక నుంచి చిలక పేరు తొలగింది.

ఇంతటితో కథ కంచికి చేరలేదు. పెరిగిన చేప ఎవరిది? ఆ తగవు మొగ తెరవకముందు నుంచీ వున్నదే. సరస్సులో కట్టలు కట్టి రొయ్యలు పెంచేవారికీ, తరతరాలుగా వలవేసేవారికీ నడుమ అది పెరిగి, 1999 మే నెలలో సొరనా గ్రామం వద్ద పోలీసు కాల్పుల్లో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఒడియావారు నోళియాలని పిలిచే మన తెలుగు జాలరులు కూడా ఈ సరస్సుపై బ్రతికేవారిలో వున్నారు. మనుష్యుల తగవును లెక్కలోకి తీసుకోని శాస్త్రం నీటిని బాగుచేసినా ఊరిని బాగుచేయలేదు. కనుక సంఘశాస్త్రజ్ఞునికీ, న్యాయవేత్తకూ ఆ పందిట్లో పీట వేయవలసిందే. చిలకకూ, ఆంధ్ర తమిళ సరిహద్దున వున్న పులికాటుకూ వేయి మీటర్ల లోపున రొయ్యల సాగు పరిశ్రమ వుండరాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఇది ఒక్క ఒడిశా గొడవ కాదన్నమాట.

ఇసుక ఆగదు, మొగలు మారుతూనే వుంటాయి. కాబట్టి కళాశాలలకు వెళుతున్న మన పిల్లలకు మేము చెప్పేది ఒక్కటే. మీ శాస్త్రం బాగా చదవండి. పక్క తరగతిలో ఏమి చెబుతున్నారో కూడా వినండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఏ గాలికి ఏ చేప వస్తుందో ఎరిగిన జాలరి తాత దగ్గర ఒక పూట కూర్చోండి.